ఎడమ భుజం, అరంగుళం కిందికి

నగర్తపేటలో మెట్ల కింద దుకాణం నాది.
రాకెట్టులో వెళ్లేవాళ్లకు లోచొక్కాలు కుట్టే పని
ఎవరో చెబితే వచ్చింది. మూడు నెలలు.

చారుమతి చేతులు చాచి నిలబడింది,
రెక్కల్లా ఏం కాదు,
బట్టలారేసే తీగలా.
"ఎడమ భుజం అరంగుళం దిగింది తల్లీ" అన్నాను.
"పాల కేన్లు. ఆరో తరగతి నుంచి.
యశ్వంతపురంలో నలభై ఇళ్లు."
పన్నెండు మంది డాక్టర్లు చూశారట ఆ ఒంటిని,
ఒక్కరూ ఈ మాట అనలేదని నవ్వింది.

రెండోసారి వచ్చి
నా బల్ల మీద ఒక ఇత్తడి బిళ్ల పెట్టింది.
నాలుగువందల పదిహేడు.
కోలారు గనిలో వాళ్ల తాత
దిగేటప్పుడు తీసుకుని, పైకొచ్చాక తగిలించేవాడు.
పొద్దుగూకాక ఏ మేకు ఖాళీగా ఉంటే
ఆ ఇంటికి కబురు.
గని మూసిన రోజు మాత్రం తగిలించలేదు,
జేబులో వేసుకుని
సామానుతో పాటు లారీ ఎక్కాడు.

"దీనికో జేబు కుట్టన్నా. ఎవరికీ చెప్పకు."
పక్క బంగారం కొట్లో తూచాం,
పదకొండు గ్రాములు.
ఆ దిగిన భుజం కిందే కుట్టాను,
తనిఖీ చేతులు తగలని చోట.

దిగొచ్చే రాత్రి
తొమ్మిది నిమిషాలు మాట ఉండదన్నారు టీవీలో,
తర్వాత పలుకుతుందన్నారు.
పదో నిమిషంలో ఎదురు హోటలతను
కాఫీ తిరగపోయడం ఆపేశాడు.
పన్నెండులో ఎవరో టీవీ గొంతు తగ్గించారు,
చావింటి గుమ్మంలో చెప్పులు విడిచినట్టు.

విచారణవాళ్లు అడిగారు:
లిస్టులో లేనిదేమైనా కుట్టావా?
లేదన్నాను.
అంత యంత్రానికి పదకొండు గ్రాములేపాటి!
తిప్పి తిప్పి అడిగితే
ఒక ఇంజనీరు కుర్రాడూ అదే అన్నాడు.
అయినా అర్ధరాత్రి లేచి కూర్చుని
తూస్తుంటాను అరచేతిలో,
ఏమీ లేనిదాన్ని.

పోయిన నెల శిల్పి వచ్చాడు.
కూడలిలో బొమ్మ పెడతారట, కొలతలు కావాలన్నాడు.
పుస్తకం తెరిచి, ఆ గీత మీద
వేలు పెట్టి మరీ చూపించాను.
నిన్న బస్సులోంచి చూశాను.
భుజాలు రెండూ సమానం.
ఎవరో ఆవిడ.

దుకాణంలో టేపు తగిలించే మేకు ఒకటుంది.
ఈ మధ్య
టేపు మెళ్లోనే ఉంచుకుంటున్నాను.