పెన్సిల్ జట్టు

పొద్దున్న ఐదున్నరకి ఆస్టిన్ టౌన్ గ్రౌండ్‌లో
సున్నం డబ్బా తోసుకుంటూ లెక్కపెట్టాను.
పద్నాలుగు మంది.
నిన్న పదహారు.

నేను అడగలేదు.
గోల్‌కీపర్ ఆరోగ్యస్వామే లేసు కట్టుకుంటూ
తల ఎత్తకుండా చెప్పాడు:
"డెన్సిల్ రాడు సార్. వైట్‌ఫీల్డ్ అవతల ఆ యూనివర్సిటీ.
ఫీజు మాఫీ, హాస్టల్లో ఏసీ, నెలకి ఇరవై రెండు వేలు.
వాళ్ళమ్మకి కూడా అక్కడే క్యాంటీన్‌లో పని."
రెండోవాడి సంగతి ఇద్దరం ఎత్తలేదు.

మా నాన్న కోలారు గనిలో దిగిన మనిషి.
షిఫ్టు అయ్యాక దీపం టోపీ తీసి పక్కన పెట్టి
అదే దుమ్ముతో లెఫ్ట్ వింగ్ ఆడేవాడు.
కంపెనీ మూడు నెలలకొక బంతి ఇచ్చేది.
నాకు తెలిసి ఆటలో డబ్బంటే అంతే,
ఒక బంతి, దానికి గాలి కొట్టే పంపు.

ఒక ఎడమకాలు కుదరడానికి రెండేళ్ళు పడుతుంది.
డెన్సిల్‌ది ఇంకా ఎక్కువే పట్టింది.
గౌతంపుర సందులో గోడకేసి రోజుకి మూడొందల సార్లు.
గోడ గలావిడ తిట్లు తిన్నది మాత్రం నేను.

ఇప్పుడు నా పని వేరు.
సెలవుల్లో ఎవడి ఫోన్ ఊరికే బిజీగా ఉంటోందో చూడాలి.
గేటు దగ్గర రెండు ఫోన్ల కుర్రాడెవడో
మా వాళ్ళ ఆట వీడియో తీస్తుంటే
తరమాలో, టీ ఇప్పించాలో తేల్చుకోవాలి.
జట్టు పేర్లు పెన్సిల్‌తో రాస్తున్నాను.
రబ్బరు నలుపెక్కింది.

ప్రిన్సిపాల్ గారు అడిగారు, మనమూ కొనలేమా అని.
మా కాలేజీకి ఏడాదికి ఆటల పద్దు లక్షా పదివేలు,
వార్షికోత్సవం షామియానాతో కలిపి.

వాడిది తప్పని ఎలా అంటాను?
వాళ్ళమ్మ మోకాళ్ళు చూశాను నేను,
నాలుగంతస్తుల మెట్లు తుడిచి తుడిచి
కాయలు కాసిన మోకాళ్ళు.
ఆట మీద ప్రేమ ఉండాలిరా అనే మాట
ఒకటో తారీకున జీతం పడేవాడి నోట్లో
బాగానే తిరుగుతుంది.

సెమీఫైనల్లో వాళ్ళతోనే పడింది.
కొత్త నీలం జెర్సీ, వీపు మీద ఏదో సిమెంటు కంపెనీ పేరు.
డెబ్బయ్యో నిమిషంలో కార్నర్‌కి
సరిగ్గా మా బెంచీ పక్కకే వచ్చాడు.
నన్ను చూడలేదు. చూడకుండా ఉండటానికి
బంతిని మూడుసార్లు సర్దుకున్నాడు.
తల దించుకునే కొట్టబోతున్నాడు,
ఎప్పటి పొరపాటే.

"తల ఎత్తరా!"

నా గొంతే. నాకు తెలియకుండానే.
ఎత్తాడు.
బంతి దూరపు స్తంభం దాకా వంగి వెళ్ళింది,
వాళ్ళ పొడుగు కుర్రాడి నుదుటికి,
అక్కణ్ణించి మా వలలోకి.

మా పిల్లలందరూ నావైపే చూశారు.
నీళ్ళ సీసా మూత తీశాను, మళ్ళీ పెట్టాను.

మొన్న శనివారం అక్కణ్ణించే ఫోన్.
"సార్, మీరే వచ్చేయండి. ఇప్పుడొచ్చేదానికి నాలుగింతలు.
డెన్సిల్ రోజూ మీ పేరే చెబుతాడు."
గొంతులో చాలా మర్యాద.
పెట్టేసే ముందు, ఏదో గుర్తొచ్చినట్టు:
"వచ్చేటప్పుడు ఆ గోల్‌కీపర్నీ తీసుకురండి."

ఇంకా ఏమీ చెప్పలేదు.
ఇంట్లోనూ చెప్పలేదు.

ఈ రోజు పదమూడు మంది.
గులకరాళ్ళ మీద కుడివైపుకి దూకి లేచాడు ఆరోగ్యస్వామి,
మోచెయ్యి గీరుకుంది, బంతి మాత్రం వదల్లేదు.
"బాగుందా సార్?" అన్నాడు.
వాడికి దూకడం నేర్పుతున్నానో
వాడికి వెల కడుతున్నానో
ఆ క్షణంలో నాకే తెలియలేదు.

ఎడమవైపుకి ఒకసారి దూకరా, అన్నాను.