పులుపు చచ్చే చోటు

ఇరవై రెండేళ్లు తెల్లకోటు తొడుక్కుని కెమిస్ట్రీ చెప్పాను.
ఎవరి బ్యూరెట్ కారుతోందో
వెనక్కి తిరక్కుండానే తెలిసేది నాకు.
ఇప్పుడు యాంకరేజ్‌లో, మూడో అంతస్తు గదిలో కూర్చుని
ముప్ఫై ఒక్క వంటిళ్లు దిద్దుతున్నాను.

ప్రయోగశాల అట్టపెట్టెలో వెళ్తుంది:
రెండు బీకర్లు, ఒక సిరంజి, కళ్లద్దాలు,
వేలెడు సీసాలో ఫినాఫ్తలీన్.
మబ్బు విడిస్తే రేపటి విమానంలో, లేకపోతే పై వారం.
ఉత్తరపు కొసన డెల్బర్ట్ నగియాక్‌కి గడ్డకట్టి చేరింది.
"సీసా పగిలింది మేడమ్,
ద్రావణం మాత్రం నిలబడే ఉంది" అని రాశాడు.
ఒక్కదాన్నే పగలబడి నవ్వి
ఇంకో పెట్టె పంపించాను.

ఈ రాత్రి కొడియాక్ దీవి నుంచి
మారివిక్ అగ్బయానీ వీడియో.
చేపల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చినట్టుంది,
జుట్టుకి ఇంకా వలటోపీ.
రైస్ కుక్కర్‌కి ఆనించిన ఫోను,
ఫ్రేములోకి సగమే వచ్చిన పిల్లాడి మోకాలు.

తెల్ల వెనిగర్ తీసుకోమన్నాను నేను.
ఆమె తీసింది ఇలోకోస్ చెరకు వెనిగర్,
ముదురు బెల్లప్పాకం రంగు.
"కొట్లో తెల్లది అయిపోయింది" అంది.
కాసేపాగి, "అబద్ధం.
మా అమ్మ నాలిక మీద వేసుకుని చెప్పేది దీని పులుపెంతో.
నాకు అంకె కావాలి."

సిరంజి నొక్కుతోంది. చుక్క. చుక్క.
గులాబీ రంగు రావాలి.
ఆ గోధుమరంగులో గులాబీ ఎక్కడ కనపడి చచ్చింది?
తెరకి ఇటువైపు, రెండు రోజుల ఆలస్యంగా,
"నీళ్లు కలుపు తల్లీ, పల్చన చెయ్యి" అంటున్నాను
ఎప్పుడో తెల్లారిపోయిన ఆమె రాత్రితో.

పక్కనుంటే మణికట్టు పట్టుకుని ఆపేదాన్ని.
ఆ పట్టుతోనే ఇన్నేళ్లూ
ఎంతమంది చుక్కని నేనే వేశానో.

ఆమె ఆగింది. ముక్కు గోక్కుంది.
"పులుసు మరీ పుల్లగా అయితే ఏం చేస్తాం?"
అడిగింది మోకాలిని.
"నీళ్లు పోస్తాం" అంది మోకాలు.
ఒకటికి తొమ్మిది వంతులు నీళ్లు.
ఫ్రిజ్ తలుపు తీసి, ఆ తెల్ల బల్బు వెలుగుకి బీకరు అడ్డం పెట్టింది.

మొదటిసారి దాటిపోయింది, కుంకం నీళ్లయింది.
రెండోసారి సముద్రపు గాలికి బల్ల ఊగింది.
మూడోసారి,
చింత చచ్చినా పులుపు చావదంటారు గానీ,
చస్తుంది. ఒక్క చుక్క దగ్గర చస్తుంది.
రంగు ముప్ఫై సెకన్లు నిలవాలి.
మైసా, దుఅ, తల్లో... వాళ్ల భాషలో లెక్కపెట్టింది;
పది దాటాక పిల్లాడూ కలిశాడు.
ఇక్కడ నేను ఊపిరి వదలడం మర్చిపోయాను.

నివేదికలో "దోషాలకు కారణాలు" అన్న చోట:
"సిరంజి మీద గీతలు అరిగాయి. గాలి.
రెండోసారి నాకు నిద్ర వచ్చింది."
ఫలితం: నాలుగు పాయింట్ ఆరు శాతం.
కింద చిన్న అక్షరాలతో:
"పోయినేడాది సీసా కంటే మెత్తన అంది అమ్మ. ఆ సీసా ఇప్పుడు లేదు,
పోల్చలేను."

నమూనా మార్చినందుకు అయిదు మార్కులు తగ్గించాలి. తగ్గించాను.
వచ్చే వారం ప్రశ్న మాత్రం మార్చాను అందరికీ:
మీ ఇంట్లో పులుపేది? తీసుకురండి.

మూడు కావస్తోంది. బయట మంచు,
ఆకాశంలో ఒక్క చుక్క లేదు.
లేచి వంటింట్లో దీపం వేశాను.
ప్రయోగశాలలో దేన్నీ రుచి చూడరాదు,
నేను రాసిన మొదటి నియమం.
వెనిగర్ మూత తీసి
వేలి కొసన ఒక్కటి, నాలిక మీద.
ఎంతో చెప్పలేకపోయాను.