నాలుగో బోల్టు

శుక్రవారం.
షువైఖ్‌ల షట్టర్లన్నీ కిందికే ఉన్నయి.
మాది మాత్రం నడుమెత్తు లేపిన,
సేటుకు తెల్వకుండ.

పాత కామ్రీ. జాకీ మీద ఉంది.
కింద నేను.
పక్కన గొంతుక్కూసొని టార్చి పట్టింది
రాయచోటి మహబూబ్ పీరా,
అరబ్బు ఇంట్ల డ్రైవరు.

పోయిన ఆదివారం
దీని గేర్‌బాక్సు దించి ఎక్కించింది నేనే.
మూడు మౌంట్లకు మూడు బోల్టులు పడ్డయి.
పడ్డదాన్ని పడ్డట్టే బిగించుకుంట పోయిన,
పానా మీద మోకాలు పెట్టి.
నాలుగోదాని కాడికొచ్చేసరికి
బెజ్జం మీద బెజ్జం కూసోలే.
నెలపొడుపంత సందు, అంతే.
బయట సేటు హారన్ మీద హారన్.
గడ్డపార పెట్టి ఇంజన్ను ఎగదోసిన,
సుత్తెతోని రెండేసిన.
దిగింది.
దిగింది గదా, అనుకున్న.

బుధవారం పీరా వచ్చిండు.
"సిగ్నల్ కాడ నిలబెడితే, అన్నా,
చలిజ్వరమొచ్చినట్ల వణుకుతాండాది స్టీరింగు.
మేడమ్మ ఒళ్లో గావా ఒలికింది.
నాకు తోలేది రాదంట.
అయిదు దీనార్లు పట్టుకునింది."
కోపంగ అనలే. లెక్క చెప్పినట్టు చెప్పిండు.

నాకు పని నేర్పిన పఠాన్ ఉస్తాద్ అనేటోడు:
బిగించుడు ఆఖరి పని, బేటా.
ముందుగాల అన్నీ వదులుగ పెట్టు,
ఇంజన్ నడవనీ, ఊగనీ.
అది యాడ కూసుంటదో దానికే ఎరుక.
ముసలోడు, పానా తిప్పుడుకు బద్దకమని
అప్పుడు నవ్వుకున్న.

ఇయ్యాల మూడూ వదులు చేసిన.
ఇంజన్ గోరు మందం పక్కకు జరిగింది,
చప్పుడు లేకుండ.
వారం దినాలు దాన్ని అక్కడ పట్టి ఉంచింది
నా మోకాలు.
ఇరుకు చెప్పుల మడిమె లెక్క
రబ్బరు ఒకపక్క నలిగి ఉంది.
ఇనుముకు ఇనుముకు నడుమ
ఉన్నదే ఆ పిడికెడు రబ్బరు.

నాలుగో బోల్టు వేళ్లతోనే తిరిగింది,
ఆఖరి చుట్టు దాక.

బండి దించి, నేను బయటికి జరిగి,
"బ్రేకు మీద కాలు తియ్యకు,
ముందుకొకపారి, వెనుకకొకపారి వెయ్యి" అన్న.
పీరా వేసిండు.
ఇంజన్ పక్కమీద ఒత్తిగిలినట్టు
అటు మెసిలి, ఇటు మెసిలి, కుదురుకుంది.
అప్పుడు బిగించిన. నాలుగూ. వరుసగ.
మోకాలు పెట్టకుండ.

డాష్‌బోర్డు మీద సులేమాని గ్లాసు పెట్టినం.
ఏసీ వేస్తే చాయ్ మీద ఒక్క వలయం లేచి
అంచు దాక పోయి ఆగిపోయింది.
పీరా ఊపిరి బిగబట్టి దాన్నే చూసిండు.
తర్వాత ఆ చాయ్ తనే తాగిండు.

మజూరి ఎంతని అడగలే, నేను చెప్పలే.
అయిదు దీనార్ల ముచ్చట
ఇద్దరం ఎత్తలే.

షట్టర్ దించి, చేతులు కడుక్కొని
రూముకు పోతాంటే
జేబుల ఒక వాషరు తగిలింది.
ఏ బండిదో.
కామ్రీది కాదనే అనుకుంటున్న.