పదమూడు సెంట్లు

బ్రాడీపేట నాలుగో లైన్లో మేడమీది గది.
జిల్లా విజ్ఞాన సర్వస్వం 'ఊ' దగ్గర ఆగిపోయింది.
ఊటపాలెం, కాకర్లమూడి నడుమ
పదమూడు సెంట్ల చవుడు తగాదా.
వ్యాసం రాయాలా, వద్దా?

"ఎవరన్నా చచ్చారా?" అన్నారు కోటిరత్నం గారు
కళ్లజోడు తుడుచుకుంటూ.
లేదండీ. ఒకడికి పన్ను ఊడింది.
"గెజిట్లో?"
ఒక్క వాక్యం. అందులో రెండు అచ్చుతప్పులు.
"కొట్టెయ్యమ్మా."

కొట్టేద్దామనే ఎర్రపెన్ను తీశాను.
కానీ మొన్న చూసొచ్చాను కదా,
కల్లాల మిరప ఘాటుకి తుమ్ముకుంటూ.
హద్దురాయి చూపించమంటే
బొంత యోహాను నవ్వాడు:
"పగటి రాయా, రాత్రి రాయా?"
పొద్దున సర్వేయరు పాతింది
మర్నాడు తెల్లారేసరికి నాలుగు బారలు అవతల ఉంటుంది.
కాళ్లు లేని ఆ రాయి
ముప్పైయేళ్లలో నాకంటే ఎక్కువ నడిచింది.
ఇంతా చేసి అక్కడ మొలిచేది తుమ్మ.
దాని నీడలో మధ్యాహ్నం
రెండూళ్ల మేకలూ పడుకుంటాయి.

వ్యాసం రాయలేదు.
ఊటపాలెం విస్తీర్ణంలో ఆ పదమూడూ వేశాను.
'క' సంపుటం వచ్చాక
కాకర్లమూడిలోనూ వేశాను.
ప్రూఫు దిద్దుతూ కోటిరత్నం గారు
ఒకసారి దగ్గారు, అంతే.

అచ్చయి ఆరేళ్లు.
గుంటూరు జిల్లా పదమూడు సెంట్లు పెద్దదై ఉంది,
అటకమీద, దుమ్ములో.
ఎవరూ కూడి చూడలేదు.