పెదవులు కలిసే చోట

సాలిగ్రామంలో రెండో అంతస్తు, కిటికీ లేని గది.
ఇరవై రెండేళ్ళు నా పని పెదవులు లెక్కపెట్టడం.
అరవంలో ఆడిన నోటికి తెలుగు తొడగాలంటే
ప, బ, మ
పెదవులు మూసిన చోటే పడాలి.
మిగతావి కొంచెం అటూ ఇటూ అయినా
నెల్లూరు నేల టికెట్టువాడు క్షమిస్తాడు.

కనకవల్లి గారు ఆ కంపెనీకి పెద్ద.
సినిమా తీయలేదు, ఆడలేదు, పాడలేదు;
కొన్నారు, అమ్మారు.
ఏ బొమ్మ ఏ ఊళ్ళో ఎన్నాళ్ళు నిలుస్తుందో
పోస్టరు మీద జిగురు ఆరకముందే చెప్పేవారు.
మధ్యాహ్నం మూడింటికి చప్పుడు లేకుండా వచ్చి
నా కుర్చీ వెనక నిలబడి
"ఏకాంబరం గారూ, జనం నవ్వు చాల్లేదు" అనేవారు.

మా జనం ఆరుగురు.
మైకుకి దూరం జరిగి, దగ్గర జరిగి,
ముక్కు మూసుకుని, గొంతు చీల్చుకుని
ఆ ఆరుగురే వెయ్యిమంది అయ్యేవాళ్ళు.
అందులో సుగుణకి గొంతు పోతే
ఆపరేషన్ బిల్లు ఆవిడే కట్టారు. అదీ చెప్పాలి.
నాకు రావలసిన రెండు సినిమాల బాకీ ఇంకా రాలేదు.
అదీ చెప్పాలి.

తర్వాత ఎన్నికలొచ్చాయి.
రాయపురం మలుపులో కండువా కప్పుకున్న ముప్పై అడుగుల నవ్వు.
ఆవిడ అమ్మిన ఏ హీరో
అంత ఎత్తున వేలాడలేదు.

సభకి వెళ్ళాను.
నిజం జనం, లారీల్లో దిగినవాళ్ళు, చేతుల్లో పులిహోర పొట్లాలు.
మా ఆరుగురికన్నా సన్నగా వినబడ్డారు.
అలవాటు కొద్దీ వెనక్కి తిరిగాను.
ఇంకో టేక్ అనడానికి ఎవరూ లేరు.

అక్కడే పట్టుకున్నానొక సంగతి.
చేస్తాను.
ఇస్తాను.
తెస్తాను.
ఒక్కదానిలోనూ పెదవి పెదవిని తాకదు.
ఏ నోటికైనా ఇట్టే అతుక్కుంటాయి.
నేను అన్నా అంతే.
మనం అనాలంటే మాత్రం
రెండుసార్లు మూయాలి.

ప్రమాణం రోజు టీవీ గొంతు నొక్కేసి చూశాను.
"ఉళమార" దగ్గర ఒకసారి కలిశాయి పెదవులు.
సింకు బాగుంది.

సంస్కృతి శాఖ ఇస్తారనుకున్నాం మేమంతా.
చేపలిచ్చారు.
నెల తిరక్కుండా కోట నుంచి ఫోను:
"కాసిమేడు రేవులో మనవాళ్ళున్నారు, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళు.
నా తెలుగు వంటింటి దాకానే కదా,
నాలుగు ముక్కలు రాసిపెట్టండి."
బాకీ సంగతి నోటిదాకా వచ్చింది.
కాగితం తీసుకున్నాను.

పట్టుబట్టి రాశాను. పడవ, బతుకు, మీ బిడ్డలు, మా మాట.
అడుగడుక్కీ పెదవులు కలవాల్సిందే,
తప్పించుకోడానికి సందు లేకుండా.

తెల్లారగట్ల రేవు. డీజిలు పొగ, పొలుసుల తడి.
ఒక్క అక్షరం తప్పకుండా చదివారు.
వెనక వరసలో నిలబడి
నా పెదవులూ ఆడిస్తున్నానని తర్వాత తెలిసింది.

గంప దించకుండానే ఒక ముసలామె అంది:
"మాటలు బాగున్నాయి గానీ తల్లీ,
ఐసు దిమ్మ రేటెప్పుడు దిగుద్ది?"

ఆవిడ కాగితం తిప్పారు.
వెనకవైపు నేనేమీ రాయలేదు.

మూసుకున్నాయి పెదవులు. చాలాసేపు.
మూసిన నోటికి మా దగ్గర ఉన్నది ఒకటే: మ్.
ఆ గదిలో దాన్ని పదకొండు రకాలుగా పట్టాం.
ఒప్పుకోలు, పంటినొప్పి, నిద్రమత్తు, పాయసం బాగుందనడం,
అత్తగారి ముందు అణుచుకున్నది...
ఇది అందులో ఏదో
నాకే అందలేదు.

ముసలామె కూడా
ఆవిడ నోటికేసే చూస్తోంది, నాలాగే,
గంపలోంచి కరిగిన ఐసు నీళ్ళు
చెవి మీదుగా, మెడ మీదుగా
కారుతుంటే తుడుచుకోకుండా.