మంచినీళ్ళ ఓడ

ఉప్పు లేదు ఆ నీళ్ళలో.
దోసిలి పట్టి తాగొచ్చు.
మా నాయనమ్మ అనేది,
"సరస్సే కదా అనుకున్నవాళ్ళనే
మంచినీళ్ళప్రాయంగా మింగుతుంది మిషిగన్."

సిగ్నె స్కార్.
ఓక్ చెక్క వెన్నెముక, మూడు తెరకొయ్యలు,
కట్టించిన ఆసామి కూతురి పేరు.
ఆ పిల్లకి నీళ్ళు చూస్తే కళ్ళు తిరిగేవి,
ఒక్కనాడూ ఓడ ఎక్కలేదు.
నీట దింపిన రోజున సీసా పగలగొట్టి
కొత్త జోళ్ళ మీద పడ్డ వైను చూసుకుని ఏడ్చిందట.

మొదటి పదేళ్ళూ గోధుమలు.
మిల్వాకీ నుంచి బఫెలోకి,
గింజ తడవకుండా.
రైలు పట్టాలొచ్చి ఆ గోధుమల్ని ఎగరేసుకుపోయాయి.
ఓడలు బళ్ళవుతాయంటే
మరీ ఇలా అక్షరాలా అవుతాయని ఎవరనుకున్నారు?

తర్వాత కలప.
కలప అయిపోయాక, అంటే అడవి అయిపోయాక,
బెరడు, సున్నపురాయి, బంగాళాదుంపలు.
నడిమి కొయ్య విరిగితే కొత్తది వెయ్యలేదు.
ముందుపన్ను ఊడినా నవ్వు మానని మనిషిలా
రెండింటితోనే తిరిగింది.
ప్రతి వసంతంలోనూ కీళ్ళలో తారు, జనుము కుక్కేవారు.
ఆకు రాలేవేళకి కక్కేసేది.

మా నాయనమ్మ ఊలీనె ఆ ఓడలో వంటమనిషి.
ఇరవై రెండేళ్ళు.
ఆరుగురు మగాళ్ళ ఆకలి, ఒక ఇనప పొయ్యి,
నీలం కెటిల్.
మూత పిడి ఊడిపోతే
ఖాళీ దారపురీలు తెచ్చి తనే బిగించింది.

1898 నవంబరు. హెరాన్ కోవ్ రేవు.
నాలుగు వందల పీపాల ఆపిల్ పళ్ళు.
నాయనమ్మకి పంటినొప్పి, చెంప రొట్టెలా పొంగింది.
"దిగి పీకించుకో,
షికాగో నుంచి తిరిగొచ్చేటప్పుడు ఎక్కించుకుంటాం"
అన్నాడు కెప్టెన్ టోర్కెల్ మైర్.
బదులుకి ఐవిన్, పదహారేళ్ళవాడు.
గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు.
రేవు మీద నిలబడి వాపు నోటితోనే చెప్పింది:
"గాలి లేస్తే ముందు పొయ్యి ఆర్పు.
తర్వాతే ఇంకేదైనా."

ఆ మాటే.
దగ్గర దగ్గర డెబ్భై ఏళ్ళు ఆ మాటే నమిలింది,
పన్ను లేని వైపు.

గాలి లేచింది.
ఓడ రాలేదు. ఆపిల్ పళ్ళు వచ్చాయి.
మూడు వారాల పాటు అలలు మోసుకొచ్చి
ఇసుకలో పోశాయి, ఎర్రగా, గాటు లేకుండా.
పిల్లలు గౌన్లలో నింపుకుంటే
తల్లులు దులిపేశారు.
పందులు తిన్నాయి.
మైర్ భార్య మాత్రం ఒక్కొక్కటే తుడిచి
గట్టున వరసగా పెట్టింది,
మంచు కప్పేదాకా.

నాయనమ్మ రొట్టెల అంగడి పెట్టింది.
ఏలకులు, ఎండుద్రాక్ష, దాల్చినచెక్క, అన్నీ ఉండేవి.
ఆపిల్ గడప దాటలేదు.
అడిగితే "పులుపు పడదు" అనేది.

మొన్న జూలైలో
యూనివర్సిటీ పిల్లలు కెమెరా దింపారు.
రెండు వందల డెబ్భై అడుగుల కింద
నిటారుగా ఉంది,
రెండు కొయ్యలూ నిలబడే ఉన్నాయి.
ఆ చలికి చెక్క పుచ్చదట.
కానీ ఒళ్ళంతా గవ్వలు,
ఎక్కడి సముద్రాల నుంచో ఓడల కింద దాక్కుని వచ్చినవి,
గోరంత గోరంత.
అవే నీళ్ళని వడగట్టి తేట చేశాయట,
అందుకే ఓడ కనబడింది.
ఆ బరువుకే చీలలు వదిలి
తొందర్లో కూలుతుందట.

నన్ను పిలిచి తెర ముందు కూర్చోబెట్టారు.
ఎనభై దగ్గరపడ్డ దాన్ని,
కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకున్నాను.
వెనక చిన్నపడవ వేలాడే కొక్కేలు ఖాళీ.
ఎక్కారన్నమాట.
ఎక్కీ చేరలేదన్నమాట.

వంటగది కప్పు లేచిపోయింది.
కెమెరా తొంగిచూసింది, పొరుగింటి మనిషిలా.
ఇనప పొయ్యి.
దాని మీద ఏమీ లేదు.
కింద మూలకి, సర్ది పెట్టినట్టు, కెటిల్.
మూత మీద దారపురీలు.
పొయ్యి తలుపు మూసి ఉంది,
గొళ్ళెం పెట్టి ఉంది.

ఆర్పాడు నాయనమ్మా.
వాడు ముందు పొయ్యే ఆర్పాడు.

ఇది నీకు చెప్పొచ్చో లేదో తేల్చుకోలేక
ఇంటికొచ్చి ఒక ఆపిల్ కోశాను.
సగం తిన్నాను.

పులుపే.