పొలుసుల టార్పాలిన్

దారీకో కెమెరాకి బ్యాటరీ లేదు.
బొమ్మకారుకి ఇచ్చినట్టు కీ ఇవ్వాలి.
ఇస్తే ఇరవై అయిదు సెకన్లు నడుస్తుంది,
తర్వాత గొంతు పట్టేసిన కోడిలా ఆగిపోతుంది.

తిబిలిసిలో పాత సామాన్ల సంతలో
చలికోటు ఇచ్చేసి తెచ్చుకుందట.
"మరి చలికాలం ఏం చేస్తావు పిల్లా?" అన్నాను.
"చలికాలానికి ఇంకా టైముంది బేసో బాబాయ్,
వెలుతురే ఆరింటికల్లా పోతుంది" అంది.

నేను జుగ్దీదీ నుంచి మెస్తియాకి వ్యాను తోలేవాణ్ణి.
నాకు సినిమా అంటే మధ్యలో పట్టే నిద్ర.
తనకి సినిమా అంటే గ్వెలెషాపీ,
సూర్యుణ్ణి మింగే కొండపాము,
దాని మీదికి వెయ్యిమంది సైన్యం, మంచులో బూరలు.

వెయ్యిమందికి వచ్చింది పదకొండుగురం.
డిపో వాళ్ళు ఆరుగురు,
మిగతావాళ్ళు జున్నురొట్టెల కోసం.
కెమెరా ముందు నడిచి, వెనక నుంచి వంగి పరిగెత్తి,
టోపీ మార్చుకుని మళ్ళీ ముందుకి.
పోస్టుమాన్ జూంబేరి ఒక్క పూటలో
తొమ్మిదిసార్లు యుద్ధానికి వెళ్ళాడు,
ఏడుసార్లు చచ్చాడు.
మోకాలి దెబ్బ మాత్రం నిజంది.

దారీకో పేడలో మోచేతులు ఆనించి బోర్లా పడుకుంది.
ముందు ఒక గడ్డిపరక, వెనక రాతిబురుజు.
"చూడు" అని నన్నూ వంగమంది.
రోజూ హారన్ కొట్టి దాటిపోయే బురుజే.
ఆ చిన్న గాజులో మొదటిసారి
దానికి వయసుందని తెలిసింది.

గ్వెలెషాపీ అంటే నా వ్యాను టార్పాలిన్.
రెండు రాత్రులు కూర్చుని పొలుసులు గీసింది,
ఏ రెండూ ఒకేలా లేకుండా.
"చూసేవాడికి తెలీదుగా" అంటే
"పాముకి తెలుస్తుంది" అంది.
నలుగురం కర్రలకి కట్టి ఊపితే
తీగ తెంపుకున్న దుప్పటిలా కొట్టుకుంది.
మేం నవ్వాం. తను పెదవి కొరుక్కుంది.
ఫిల్ము ఇంకా మూడు నిమిషాలే ఉంది.

అప్పుడు వచ్చింది మబ్బు.
ఉష్బా కొండ భుజం మీంచి జారి
అవతలి గడ్డినంతా నల్లగా తుడుచుకుంటూ
గొర్రెల మీదికి, రాళ్ళ మీదికి, మా మీదికి.
ఎవరూ చెప్పలేదు.
పదకొండు తలలూ పైకి లేచాయి.
వెండిరంగు పూసిన నీళ్ళపైపు ఈటె
జూంబేరి చేతిలో వణికింది.
ఆ నిశ్శబ్దంలో కుట్టుమిషన్‌లా
టకటకటక, ఒకటే చప్పుడు.
పదిహేడు, పద్దెనిమిది అని
నేను లోపల లెక్కపెడుతున్నా,
టక్.

ఎండ వచ్చేసింది.
"దొరికిందా?" అని ఎవడో అరిచాడు.
తను కీ తిప్పుతోంది,
బిగుసుకుపోయాక కూడా తిప్పుతూనే ఉంది.

ఫిల్ము కడిగించడానికి డబ్బు కూడాలట.
పడిందో లేదో ఇప్పటికీ తెలీదు.
టార్పాలిన్ మాత్రం నాకు తిరిగొచ్చింది.
వానరోజు బంగాళాదుంప బస్తాల మీద కప్పుకుని
మలుపు తిరుగుతానా,
దారిపక్క పిల్లలు పొలుసులు చూసి
నోటి దగ్గరి రొట్టె నోటి దగ్గరే ఆపేస్తారు.
అద్దంలో వాళ్ళు కనపడినంతసేపూ
నేను లెక్కపెడుతుంటాను.